చేతికి సెలవులు

పిల్లల బేస్‌బాల్ జట్టు హెరాన్స్‌లో ఆ ఏడు బంతిని కొట్టేవాళ్ళకి కొదవ లేదు. పోయిందల్లా విసిరే దగ్గరే పోయింది. వేసవి చివర ఆఖరి మ్యాచ్ ఓడిపోయి, పిల్లలంతా పార్కులో గడ్డి మీద చతికిలబడి నారింజ తొనలు చప్పరిస్తుంటే, కోచ్ బెవ్ టోపీ తీసి చేతిలో తిప్పుతూ ఆ మాటే చెప్పింది. ఈ చలికాలం జట్టుకి బంతి విసిరే చేతులు పెంచుతున్నానంది. ఎటోబికో నుంచి ఒకమ్మాయి, ఒషావా నుంచి ఒకమ్మాయి వస్తున్నారంది. ఫిబ్రవరిలో అందరినీ ఒకచోట చేర్చి చూస్తానంది. అప్పటిదాకా పాత పిచర్లెవరూ బంతి ముట్టుకోవద్దు, చేతికి సెలవులివ్వండి అంది.

సుధామయి తల్లులందరి వెనకాల నీళ్ళ సీసా పట్టుకుని నిలబడి వింది. ఇంగ్లీషు ఎదుటివాళ్ళు మాట్లాడితే ఆమెకి చాలావరకు అందుతుంది. తను మాట్లాడాలంటేనే నాలుక మడత పడుతుంది. అందుకని బస్సులో కూతురిని మళ్ళీ అడిగి సరిచూసుకుంది.

"కొత్తవాళ్ళు వస్తే మరి నువ్వో?"

"ఐ డోంట్ నో, అమ్మా."

"అడగలేదా?"

హర్షిణి భుజాలెగరేసి కిటికీలోంచి బయటికి చూసింది. ఆ పిల్లకి పదో ఏడు. పిచర్ అంటే మైదానం మధ్యలో మట్టి దిబ్బ మీద నిలబడి బంతి విసిరే పిల్ల. మొన్నటి దాకా హెరాన్స్‌కి ఆ దిబ్బ మీద ఉన్నదల్లా హర్షిణే. ఇంకో ఇద్దరు ఉన్నారన్న మాటేగానీ, వాళ్ళు విసిరితే బంతి ఒకసారి ఆకాశానికి, ఒకసారి పాతాళానికి.

ముందొచ్చిన చెవులకన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి అని సుధామయి నాయనమ్మ ఊరికే అనేది కాదు. ఆ సాయంత్రం చపాతీలు ఒత్తుతున్నంతసేపూ అదే మాట ఆమె తలలో గింగిరాలు తిరిగింది.

నిజానికి ఆమెకి బేస్‌బాల్ అంటే మోజేమీ లేదు. గెలిచినా ఓడినా ఒకటే. ఆమె భయం వేరే. హర్షిణికి నాలుగేళ్ళప్పుడు వాళ్ళు కెనడాలోని ఈ బ్రాంప్టన్ వచ్చారు. ఇంట్లో గలగలా వాగే పిల్ల, స్కూలు గడప దాటితే మూగనోము పట్టినట్టు ఉండేది. ఒక్క మాట కాదు, ఒక్క ఊ కాదు. బాత్రూమ్‌కి వెళ్ళాలన్నా అడగక, బట్టలు తడుపుకుని ఇంటికొచ్చేది. టీచర్లు పిలిచి ఏవేవో చెప్పేవాళ్ళు. సుధామయి తలూపి, ఇంటికొచ్చి, స్నానాల గదిలో కుళాయి తిప్పి ఏడ్చేది.

కోచ్ బెవ్ అప్పటికి కోచ్‌గా పరిచయం కాదు. స్కూలు బస్సు నడిపే మనిషి. ఒక చలికాలం ఉదయం, బస్సు కోసం నిలబడ్డ హర్షిణి మంచు ఉండలు చేసి రోడ్డవతల స్టాప్ బోర్డు మీదికి విసురుతుంటే, అన్నీ పోయి ఒకే అక్షరం మీద తగులుతుంటే, ఆవిడ తలుపు తెరిచి అలాగే చూస్తూ ఉండిపోయిందట. ఆ వేసవికి పిల్లని జట్టులో చేర్చుకుంది.

మొదటి మ్యాచ్ సుధామయికి ఇప్పటికీ కళ్ళకి కట్టినట్టుంటుంది. దిబ్బ మీద నిలబడ్డ హర్షిణి బూటు లేసు ఊడింది. ఎవరూ చూడలేదు. పిల్ల కిందికి చూసుకుంది, అటూ ఇటూ చూసింది. ఇక ఏడుస్తుందనుకుంటూ సుధామయి కంచె దగ్గరికి పరిగెత్తబోయింది. అంతలో ఆ పిల్ల చెయ్యెత్తి, "టైమ్" అంది. గట్టిగానే అంది. ఆట ఆగిపోయింది. అంపైర్ ఆగాడు, బ్యాటు పట్టుకున్న పిల్ల ఆగింది, అటు వాళ్ళూ ఇటు వాళ్ళూ అందరూ ఆగి, ఈ గుప్పెడు పిల్ల లేసు కట్టుకునేదాకా నిలబడ్డారు. ఇంటి బయట హర్షిణి నోట సుధామయి విన్న మొదటి మాట అది.

అందుకే ఆ దిబ్బ ఇంకెవరిదో అవుతుందంటే ఆమె గుండెలో రాయి పడింది. చోటు పోవడమంటే ఏమిటో ఆమెకి తెలుసు. నరసరావుపేటలో ఇంటర్ రెండో ఏడు చదువుతుండగా పెళ్ళి కుదిరింది. పెళ్ళయిన నెలకి పుస్తకాలు తెచ్చుకుందామని కాలేజీకి వెళితే, కిటికీ పక్కన తను కూర్చునే బల్ల మీద వేరే పిల్ల కూర్చుని రాసుకుంటోంది. ఆ పిల్ల తప్పేం లేదు. కాస్త జరిగి, "కూర్చుంటావా?" అని కూడా అడిగింది. సుధామయి పర్లేదని చెప్పి వచ్చేసింది. ఆ తర్వాత ఆమె ఎక్కడా పెద్దగా మాట్లాడిన గుర్తు లేదు.

అక్టోబరులో ఆకులు రాలడం మొదలయ్యేసరికి ఆమె ఒక నిర్ణయానికి వచ్చింది.

వాళ్ళుండేది పద్మిని ఆంటీ ఇంటి బేస్‌మెంట్‌లో. పద్మిని ఆంటీ గుంటూరావిడ. నలభై ఏళ్ళు ఇక్కడే పిల్లల డాక్టరుగా పనిచేసి రిటైరయ్యారు. ఆవిడ కారు నడపడం తగ్గించాక గ్యారేజీలో సగం ఖాళీగానే ఉంటోంది. సుధామయి అడిగితే, వాడుకోమ్మా అన్నారు, ఎందుకని అడగకుండా. పాత పరుపొకటి గోడకి నిలబెట్టి, దాని మీద తడి గుడ్డతో గుండ్రంగా రాసి, బియ్యప్పిండి అద్దింది సుధామయి. చూడ్డానికి వాకిట్లో ముగ్గు లేచి నిలబడ్డట్టుంది.

"అమ్మా, కోచ్ సెడ్ రెస్ట్."

"రెస్ట్ అంటే పడుకోమని కాదమ్మా. మెల్లిగా విసురు."

"షీ సెడ్ నో బాల్. ఎట్ ఆల్."

"వాళ్ళు అలాగే అంటారు నాన్నా. పరీక్షలప్పుడు బాగా చదివే పిల్ల, నేనసలు పుస్తకమే తియ్యలేదే అంటుంది చూడు, అట్లాంటిదే ఇది. ఆ ఎటోబికో పిల్ల చేతులు కట్టుకుని కూర్చుందనుకున్నావా?"

"దట్ మేక్స్ నో సెన్స్."

"నీకు తర్వాత అర్థమవుతుందిలే. ఊ, విసురు."

సుధామయి అబద్ధమేమీ ఆడలేదు. ఆమె నమ్మిందే చెప్పింది. ఆమె పెరిగిన చోట సెలవులనేవి వెనకబడ్డవాళ్ళు ముందుకొచ్చేందుకు, ముందున్నవాళ్ళు ఇంకా ముందుకెళ్ళేందుకు. దసరా సెలవులకి ఒక ట్యూషను, వేసవి సెలవులకి ఇంకో ట్యూషను. ఒక మనిషి ఒక పని బాగా చేయాలంటే, అది కొన్నాళ్ళు చేయకుండా ఉండాలన్న మాట ఆమె పుట్టి బుద్ధెరిగి వినలేదు. కోచ్ మర్యాదకి అందనుకుంది.

ఇంకో సంగతి కూడా ఉంది. ఆ గ్యారేజీ సాయంత్రాలు ఆమెకి ఇష్టమయ్యాయి. పనిచేసే గోడౌన్‌లో ఉదయమంతా డబ్బాలకి టేపు వేసి వచ్చి, కూర పొయ్యి మీంచి దించి, మూలన చిన్న హీటర్ పెట్టుకుని, తల్లీ కూతుళ్ళిద్దరే. బంతి పరుపు మధ్యలో తగిలితే పిండి పొగలా లేచేది. సుధామయి చప్పట్లు కొట్టేది. తగలకపోతే, "మా అత్తగారు విసిరినట్టుంది" అనేది. హర్షిణి పడీ పడీ నవ్వేది. బంతులు ఏరుకొచ్చే పని సుధామయిది. వంగి, ఏరి, కొంగులో పోసుకుని వచ్చేది. దుప్పట్లాంటి కోటు మీద చున్నీ నడుముకి బిగించి, దాన్నే కొంగు చేసుకునేది.

ట్రక్కు నడుపుకుంటూ వారాల తరబడి రోడ్డు మీదే ఉండే ఆమె భర్త కిరీటి, ఒకరోజు థండర్ బే దగ్గర బండి ఆపి ఫోన్ చేశాడు. వెనకాల దబ్ దబ్‌మని చప్పుడు.

"ఏంటి సుధా, ఇల్లు కూలగొడుతున్నారా?"

"పాప ప్రాక్టీసు చేస్తోందండీ."

"ఇవాళ కూడానా? అది పిల్లే, బావి గిలక కాదు."

"మీరు ముందు బండి జాగ్రత్తగా నడపండి. మంచు పడుతోందంట కదా అటు."

పద్మిని ఆంటీ కూడా అడిగారు, చెత్తడబ్బాలు రోడ్డు మీదికి తోస్తూ. "ఏమ్మా, సాయంత్రం పూట ఏం దంచుతున్నారు? పచ్చళ్ళ కారమా?"

"పాపకి కాస్త ఎక్సర్‌సైజు ఆంటీ."

"మంచిదే. చలికాలం పిల్లలు కదలకుండా కూర్చుంటారు." ఆవిడ లోపలికి వెళ్ళిపోయారు. సుధామయికి ఎందుకో చెంపలు వేడెక్కాయి.

జనవరి నడుమ ఒక ఉదయం, హర్షిణి ఎడంచేత్తో తల దువ్వుకోవడం చూసింది సుధామయి. ఏదో ఆటగా చేస్తోందనుకుంది. మర్నాడు పై అరలో ఉన్న బిస్కెట్ల డబ్బా దించమంటే, పిల్ల స్టూలు తెచ్చుకుని ఎక్కింది. ఎప్పుడూ ఎగిరి అందుకునే డబ్బా అది.

"చెయ్యి నొప్పా?"

"లైట్‌గా."

"ఎక్కడ?"

హర్షిణి భుజం కింద వేలు పెట్టి చూపించింది. "ఇట్స్ ఓకే, అమ్మా. ఐ కెన్ త్రో."

ఆ మాట సుధామయి వినాలనుకున్న మాట. అందుకని విన్నది. ఆ సాయంత్రం నువ్వుల నూనెలో వాము వేసి కాచి, దించాక కర్పూరం నలిపి కలిపింది. వాళ్ళ నాయనమ్మ చేతి వైద్యం అది. మిరపకోతలప్పుడు ఊళ్ళో సగం భుజాలు ఆ నూనెతోనే నడిచేవి. కూతురిని ముందు కూర్చోబెట్టుకుని, గోరువెచ్చగా పట్టించి, పైనుంచి మోచేతి దాకా నెమ్మదిగా రాసింది. ఎంత సన్నటి చెయ్యి. బొటనవేలూ చూపుడువేలూ కలిపితే మణికట్టు చుట్టూ ఇంకా చోటు మిగిలింది. ఇంత చేతిలోంచి అంత వేగం ఎక్కడినుంచి వస్తుందో ఆమెకి అర్థం కాలేదు. రాస్తుండగానే పిల్ల ఆమె మోకాలికి తల ఆనించి కళ్ళు మూసుకుంది.

విసరడం మాన్పించలేదు సుధామయి. తగ్గించింది. ఫిబ్రవరి ఎంతో దూరం లేదు కదా అనుకుంది. పైన ఒక డాక్టరమ్మ ఉన్నారని ఆమెకి గుర్తు లేక కాదు. మెట్ల దాకా రెండుసార్లు వెళ్ళింది కూడా. అడిగితే ఆవిడ వద్దంటారు. వద్దంటే మానాలి. అందుకే అడగలేదు.

కోచ్ పిల్లలని రమ్మన్న చోటు ఎయిర్‌పోర్టు దగ్గర ఒక పాత గోడౌన్. లోపల వలలు కట్టి, నేల మీద పచ్చటి చాప పరిచి, ఆటకి తగ్గట్టు మార్చారు. నెత్తి మీదుగా విమానం వెళ్ళినప్పుడల్లా రేకులు గజగజలాడుతున్నాయి. బయట ఉప్పు చల్లిన రోడ్ల మీద మంచు బురదయి ఉంటే, లోపల హీటర్లు కొలిమిలా మండుతున్నాయి. బయల్దేరే ముందు సుధామయి పిల్ల భుజానికి నూనె దట్టంగా పట్టించి, మీద పొడుగు చేతుల చొక్కా, దాని మీద స్వెట్టరు తొడిగింది. వెచ్చగా ఉంటే నొప్పి తెలియదని.

తల్లిదండ్రులు కూర్చునే బల్ల మీద ఆమె పక్కన ఒక పంజాబీ పెద్దావిడ కూర్చుని ఉంది. తెల్లటి చున్నీ, కాళ్ళకి మంచు బూట్లు, ఒళ్ళో స్టీలు డబ్బా. "మేరీ పోతీ" అని మనవరాలిని వేలు పెట్టి చూపించింది. ఎటోబికో నుంచి వచ్చిన జస్లీన్ అదే. పొడుగ్గా, బారెడు జడతో, కొంగలా ఉంది. హెరాన్స్ అంటే కొంగలే కదా, ఈ పిల్లకి పేరు పెట్టే జట్టు పెట్టారేమో అనిపించింది సుధామయికి. జస్లీన్ కాలెత్తి, విరుచుకుని విసిరితే, బంతి పట్టుకున్న పిల్ల గ్లవ్స్‌లోంచి చెయ్యి తీసి విదిలించుకుంది. పెద్దావిడ సుధామయి వైపు తిరిగి డబ్బా మూత తీసి, వాళ్ళు పిన్నీ అనే లడ్డూ ఒకటి చేతిలో పెట్టింది. నేతి ముద్ద, ఇంకా వెచ్చగా ఉంది. సుధామయి చేత్తో పట్టుకుందిగానీ నోట్లో పెట్టుకోలేకపోయింది.

తర్వాత హర్షిణి. మొదటి బంతి బాగానే వెళ్ళింది. రెండోది వంకరపోయింది. స్వెట్టరు లోపల పిల్లకి చెమటలు పడుతున్నాయి, ముఖం ఎర్రబడింది. మోచేత్తో నుదురు తుడుచుకుంది, అరచెయ్యి ప్యాంటుకి రాసుకుంది. మూడోసారి చెయ్యెత్తి విసిరితే, బంతి వేళ్ళలోంచి జారి, వల మీదుగా ఎగిరి, పైన ఇనప దూలానికి తగిలి, ఎక్కడో కుర్చీల మధ్య పడింది.

ఎవరో కిసుక్కున నవ్వారు. కోచ్ బెవ్ నవ్వలేదు. బంతి తెప్పించి వేళ్ళతో తడిమింది. ముక్కు దగ్గర పెట్టుకుంది. తర్వాత హర్షిణి దగ్గరికి నడిచి వెళ్ళి, వంగి, పిల్ల అరచెయ్యి తిప్పి చూసింది. భుజం నుంచి చెమటతో కారిన నూనె వేళ్ళ దాకా నిగనిగలాడుతోంది.

బంతికి ఏదీ పూయకూడదని, పెద్దవాళ్ళ ఆటల్లో అయితే దీనికి మైదానంలోంచి పంపేస్తారని కోచ్ మెల్లిగానే చెప్పింది. బల్ల మీది తలలన్నీ అటు తిరిగాయి. ఇది నీకు తెలుసు కదా, మరి ఎందుకు పూసుకున్నావని అడిగింది.

"ఇట్స్ జస్ట్ లోషన్," అంది హర్షిణి. "ఫర్ డ్రై స్కిన్."

సుధామయి అప్పటికే లేచి వచ్చేసింది, లడ్డూ చేతిలో అలాగే ఉంది. ఆమె వెనకే పెద్దావిడ కూడా వచ్చింది. పిల్ల చేతి మీదికి వంగి గాలి పీల్చింది. ఆ వాసన ఆవిడకి ఒకరు చెప్పక్కర్లేదు.

"తేల్," అంది సుధామయితో, గొంతు తగ్గించి. "దర్ద్ హై బచ్చీ కో?"

సుధామయికి హిందీ సగమే వచ్చు. ఆ సగంలో నూనే ఉంది, నొప్పీ ఉంది. ఆమె కూతురి వైపు తిరిగింది.

"హర్షీ, నీ చెయ్యి నొప్పని చెప్పు కోచ్‌కి."

హర్షిణి తల్లి కళ్ళలోకి చూసింది. తర్వాత కోచ్ వైపు తిరిగి, తడబడకుండా చెప్పింది. "షీ సేస్ యెస్, ఇట్స్ లోషన్. మై స్కిన్ గెట్స్ రియల్లీ డ్రై."

ఎంత గట్టిగా చెప్పింది. నలుగురిలో, అదరకుండా, బెదరకుండా. స్కూల్లో నోరు విప్పని రోజుల్లో, ఇలా మాట్లాడితే చాలు దేవుడా అని సుధామయి మొక్కని మొక్కు లేదు. ఇప్పుడు ఆ గొంతుతోనే పిల్ల అబద్ధమాడుతోంది, అదీ తల్లి మాటగా. ఇక సుధామయి చేయాల్సిందల్లా తలూపడం. ఇన్నేళ్ళుగా ఈ దేశంలో ఆమెకి బాగా వచ్చిన పని అదొక్కటే. ఊపితే నూనె తుడుచుకుని మళ్ళీ విసరమంటారు. పిల్ల విసురుతుంది. చోటు మిగిలినా మిగలొచ్చు.

పిల్ల కుడిచెయ్యి ఒంటికి ఆనించుకుని, ఎడంచేత్తో మోచెయ్యి పట్టుకుని నిలబడి ఉంది. రెక్క దెబ్బతిన్న పిట్టలా.

"నో," అంది సుధామయి.

"అమ్మా, డోంట్."

"నో లోషన్. పెయిన్." ఆమె తన భుజం మీదే వేలు పెట్టి చూపించింది. మాటలు ఒక్కొక్కటే బయటికొచ్చాయి. "హియర్. మెనీ డేస్. యూ టోల్డ్, రెస్ట్. ఐ టోల్డ్ హర్, త్రో. ఎవ్రీడే. ఇన్ గ్యారేజ్. షీ ఈజ్ గుడ్ గర్ల్. ఐ టోల్డ్."

మీద విమానం వెళ్ళింది. ఆ రొద తగ్గింది. కోచ్ బెవ్ ఒక మోకాలి మీద కూర్చుని, హర్షిణిని చెయ్యి పక్కకి ఎత్తమంది. సగం దాకా ఎత్తేసరికి పిల్ల పెదవి కొరుక్కుంది. చాలంది కోచ్. దించమంది.

తర్వాత ఆవిడ సుధామయితో చెప్పింది, అర్థమయ్యేలా, ఒక్కో మాట ఆపి ఆపి. పోయిన వేసవి విసిరేవాళ్ళు ఇంకెవరూ లేక ఈ పిల్ల చేతే అన్నీ విసిరించానని, అది తన తప్పేనని, రాత్రుళ్ళు తనకి అదే బెంగగా ఉండేదని. "ఈ చలికాలం ఇద్దరిని వెతికి తెచ్చుకున్నది ఈమెని తీసెయ్యడానికి కాదు. బరువు ముగ్గురికీ పంచితే ఈ చెయ్యి పెద్దయ్యేదాకా నిలుస్తుందని."

ఎవరో వచ్చి కూతురి చోటు లాక్కుంటారని సుధామయి చలికాలమంతా కాపలా కాసింది. వాళ్ళు కాసింత బరువు మోయడానికి వస్తున్నారట. కిటికీ పక్కన బల్ల మీది పిల్ల కాస్త జరిగి, కూర్చుంటావా అని అడిగిన సంగతి ఆమెకి ఉన్నట్టుండి గుర్తొచ్చింది.

డాక్టరు సరేననేదాకా బంతి ముట్టుకోవద్దని, వసంతంలో మొదటి పోటీలకి హర్షిణి పిచర్‌గా ఉండదని, ఆ తర్వాత సంగతి తర్వాత చూద్దామని కోచ్ చెప్పింది. సాధనకి మాత్రం రోజూ రమ్మంది. హర్షిణి తలూపింది. మాట్లాడలేదు.

బస్సులో మాట్లాడలేదు. ఇంటికొచ్చి మాట్లాడలేదు. అన్నం తింది, హోమ్‌వర్క్ చేసుకుంది, ముఖం గోడవైపు తిప్పుకుని పడుకుంది. మర్నాడూ అంతే. ఏం భయపడి సుధామయి ఇదంతా చేసిందో, అదే ఇంట్లోకి వచ్చి కూర్చున్నట్టుంది. స్కూల్లో కూడా ఇలాగే ఉందేమోనని గోడౌన్‌లో టేపు వేస్తూ వేస్తూ ఆమె ఒక డబ్బాకి రెండుసార్లు వేసింది.

ఈసారి మెట్లెక్కింది. పద్మిని ఆంటీ కళ్ళజోడు పెట్టుకుని, పిల్లని కిటికీ వెలుతురులో కూర్చోబెట్టి, వేలితో నొక్కి నొక్కి చూశారు. ఆసుపత్రికి పంపి ఎక్స్‌రే తీయించారు. ఎముక పెరిగే చోటు అలసిపోయి వాచింది, విశ్రాంతి ఇస్తే దానంతటదే సర్దుకుంటుంది, ఇంకా అశ్రద్ధ చేసుంటే మాత్రం కష్టమయ్యేదని చెప్పారు.

"ఆ చప్పుడు ఇదా అమ్మా? నన్ను ఒక్క మాట అడగొచ్చు కదా."

"అడిగితే వద్దంటారని ఆంటీ."

పద్మిని ఆంటీ ఆమె ముఖంలోకి కాసేపు చూశారు. తిడతారనుకుంది సుధామయి. ఆవిడ నిట్టూర్చి అన్నారు, "నలభై ఏళ్ళు ఆ మాట చెప్పని తల్లి లేదు నాకు. టీ తాగుతావా?"

"నూనె మానెయ్యనా ఆంటీ?"

"నూనెకేం, రాసుకో. నూనె ఏం చెయ్యదు. విసరకుండా ఉంటే చాలు. అయినా అందులో బాగు చేసేది నూనె కాదులే."

ఆ ఆదివారం మధ్యాహ్నం బయట మంచు కురుస్తోంది. సుధామయి వంటింట్లో నేల మీద కూర్చుని చిక్కుళ్ళు ఈనెలు తీస్తోంది. హర్షిణి వచ్చి గుమ్మంలో నిలబడింది. చేతిలో నూనె గిన్నె. తెచ్చి తల్లి ముందు పెట్టి, వీపు తిప్పి కూర్చుంది.

సుధామయి చేతులు తుడుచుకుంది. నూనె అరచేతుల మధ్య వెచ్చచేసుకుని భుజం మీద పెట్టింది. మోచేతి దాకా మెల్లిగా రాసుకొచ్చింది.

"వై డిడ్ యూ టెల్ హర్?" అంది హర్షిణి, అటు తిరిగే.

"నీ చెయ్యి నీకు జీవితమంతా కావాలి కదమ్మా."

"బట్ యూ వాంటెడ్ మీ టు పిచ్. మోర్ దాన్ మీ."

సుధామయి వేళ్ళు ఆగాయి. "నీకు ఆ దిబ్బ పోతే, మళ్ళీ చిన్నప్పటిలా అయిపోతావేమోనని భయం నాన్నా. ఎవరితో మాట్లాడకుండా. ఇప్పుడు నాతో మాట్లాడకపోతే, అయిపోయావనే అనుకున్నా."

హర్షిణి మెడ తిప్పి చూసింది. ముఖంలో నిజంగానే ఆశ్చర్యం. "అమ్మా, ఐ వాజ్ మ్యాడ్ ఎట్ యూ. దట్స్ నాట్ ద సేమ్ థింగ్." ఆ తర్వాత తల్లికి అర్థమైందో లేదోనని కాబోలు, తెలుగులో అంది, అక్కడక్కడా వెతుక్కుంటూ. "కోపం వచ్చింది. అంతే. స్కూల్లో రోజూ మాట్లాడా. జస్లీన్‌తో ఫోన్‌లో కూడా మాట్లాడా. నీ గురించి కంప్లైంట్ చేశా."

"ఏమని?"

"చాలా." ఆ పిల్ల పెదవి చివర నవ్వు కదిలింది. "వాళ్ళ బీజీ, అంటే గ్రాండ్‌మా, తను కూడా ఆయిల్ రాస్తుందంట. మస్టర్డ్. స్మెల్ ఇంకా వర్స్ అంట."

సుధామయి నవ్వబోయి, నవ్వుతూనే కళ్ళు మోచేత్తో తుడుచుకుంది. చేతులకి నూనె.

"అమ్మా, ఆపకు," అంది హర్షిణి. మళ్ళీ వీపు తిప్పి కూర్చుంది.

వసంతమంతా ఆ పిల్ల సాధనకి వెళ్ళి వల వెనకాల నిలబడింది. ఎవరి మోచెయ్యి కిందికి దిగుతోందో, ఎవరి కాలు ముందే పడుతోందో చూసి చెప్పేది. ఒషావా పిల్లకి ఆ మాటలతోనే బంతి దారిలోకి వచ్చిందని కోచ్ అందట. గ్యారేజీలో పరుపు పడగొట్టి సుధామయి మళ్ళీ బేస్‌మెంట్‌లోకి చేర్చింది. ఎంత దులిపినా బియ్యప్పిండి వాసన మాత్రం పోలేదు. కిరీటి ఇంటికొచ్చినప్పుడు దాని మీద పడుకుని, అట్లు తింటున్నట్టు కలలొస్తున్నాయన్నాడు.

జూన్‌లో ఆసుపత్రి డాక్టరు సరేనన్నాడు. కొంచెం కొంచెంగానే అన్నాడు. ఆ నెలాఖరున సాయంత్రం పూట పార్కులో మ్యాచ్. జస్లీన్ మొదలుపెట్టింది, ఒషావా పిల్ల నడిపింది. ఆఖరి ఇన్నింగ్స్‌కి హెరాన్స్ ఒక్క పరుగు ముందున్నారు. కోచ్ బెవ్ పిల్లలు కూర్చున్న బల్ల వైపు తిరిగి వేలు చూపించింది.

హర్షిణి లేచింది. దిబ్బ వైపు వెళ్ళబోయి, తిరిగి కంచె దగ్గరికి వచ్చింది. రెండు అరచేతులూ చాపి తల్లికి చూపించింది. పొడిగా ఉన్నాయి, వేళ్ళ సందుల్లో ఎర్రమట్టి.

"లుక్. నో ఆయిల్."

"పొమ్మా, పో," అంది సుధామయి. ఆమె సంచిలో నూనె సీసా ఉంది, ఆట అయ్యాక రాయడానికి. పక్కన కూర్చున్న జస్లీన్ బీజీ సంచిలో ఆవనూనె సీసా ఉంది. ఏది మంచిదన్న సంగతి మీద ఇద్దరికీ నెల రోజులుగా తెగడం లేదు. సగం హిందీలో, సగం చేతులతో వాదించుకుంటున్నారు. ప్రస్తుతానికి పెద్దావిడ వాదన పక్కన పెట్టి, సుధామయి చెయ్యి పట్టుకుని కూర్చుంది.

దిబ్బ మీద హర్షిణి నిలబడింది. బ్యాటు పట్టుకున్న పిల్ల కాళ్ళు సర్దుకుంది. అంపైర్ వంగాడు. పార్కు చుట్టూ మాటలు సద్దుమణిగాయి. హర్షిణి బంతి గ్లవ్స్‌లో దాచుకుని, కాలెత్తబోయి, ఆగింది. కిందికి చూసుకుంది.

చెయ్యెత్తింది. "టైమ్," అంది.

అందరూ ఆగారు. ఆ పిల్ల బంతి చంకలో పెట్టుకుని, కూర్చుని, బూటు లేసు విప్పి మళ్ళీ మొదట్నుంచి కట్టుకోవడం మొదలుపెట్టింది. తొందరేమీ పడలేదు. సుధామయి కూడా, ఆ సాయంత్రం మొదటిసారిగా, బల్లకి వెనక్కి ఆనుకుంది.